సంజీవయ్యగారి పేరు ఏ వీధికి?

దామోదరం సంజీవయ్యగారు మనకి పరాయివారు కాదు. 1955లో మన ఎమ్మిగనూరు నుంచే శాసనసభకు వెళ్లారు. 1921లో కర్నూలు దగ్గరి పెదపాడులో, పేద దళిత కుటుంబంలో పుట్టారు. ఊహ తెలియక ముందే తండ్రి పోతే, తల్లి సుంకులమ్మ నానా కష్టాలు పడి పెంచింది. కర్నూలు, అనంతపురంలో చదువుకుని, 1948లో మద్రాసులో లా పూర్తిచేశారు. 1952లో రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయన వయసు 38 ఏళ్లే! మన దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు.

దిక్కులేని ముసలివాళ్లకి పింఛను మొదలుపెట్టింది ఆయనే. అది ఒక కులానికి ఇచ్చింది కాదు. కొడుకు ముందు చెయ్యి చాపకుండా మందుబిళ్లలు కొనుక్కునే ఏ ముసలమ్మయినా ఆయనకి రుణపడినట్టే. 1962లో అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుడయ్యారు. 1972లో, 51 ఏళ్లకే కన్నుమూశారు.

ఇలాంటివారి పేరు వీధికి పెడదామంటే అందరం సరేనంటాం. కానీ ఎక్కడ? ఊరి చివర దళితుల కాలనీలో బోర్డు పాతి చేతులు దులుపుకుంటే, ఆయన్ని మళ్లీ ఊరవతల నిలబెట్టినట్టు కాదూ?

ఆదోనిలోనైనా, ఎమ్మిగనూరులోనైనా మనం రోజూ కూరగాయలకి వెళ్లే నడిబజారుకే ఆ పేరు పెట్టాలంటాను నేను. మన అమ్మాయి పెళ్లి శుభలేఖలో సంజీవయ్య వీధి అని అచ్చు వేయించుకోవడానికి మనం వెనుకాడకపోతేనే అది అసలైన గౌరవం. మీరేమంటారు?