ఉద్యోగం ఊడినా ల్యాబ్ వదల్లేదు

లైసోజోమ్ అనగానే బయోటెక్ విద్యార్థులు చెప్పే పేరు క్రిస్టియన్ డి డ్యూవ్. ఎంజైముల లెక్కలతో దాని ఉనికి తేల్చి, 1955లో పేరు పెట్టింది ఆయనే. కానీ అదెలా ఉంటుందో చూపించిన మనిషి వేరు: అలెక్స్ నోవికాఫ్.

1913లో ఉక్రెయిన్‌లో యూదు కుటుంబంలో పుట్టి, పసితనంలోనే అమెరికా చేరారు. బ్రూక్లిన్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ కొలంబియాలో పీహెచ్‌డీ చేశారు. 1948లో వెర్మాంట్ యూనివర్సిటీలో చేరారు. 1953లో సెనేట్ కమిటీ పాత కమ్యూనిస్టు సంబంధాల గురించి నిలదీస్తే జవాబివ్వనన్నారు. అంతే, ఉద్యోగం ఊడింది. అప్పటికి వయసు 40!

1955లో న్యూయార్క్‌లోని ఐన్‌స్టీన్ మెడికల్ కాలేజీలో చోటు దొరికింది. ఆ ఏడాదే బెల్జియంలో డి డ్యూవ్ ల్యాబ్‌కు వెళ్లి, అక్కడ వేరుచేసిన నమూనాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో ఫొటోలు తీశారు. ఒకే పొర చుట్టుకున్న దట్టమైన సంచులు కనిపించాయి. ఫలితాలు 1956లో అచ్చయ్యాయి.

లోపలి ఎంజైములు కణంలోకి కారిపోకుండా ఆపేది ఆ పొరే. అందులో ఉండే లాంప్-1 అనే మానవ ప్రొటీన్‌ను నేడు జన్యువు సాయంతో తయారుచేసి పరిశోధనలకు అమ్ముతున్నారు.

1974 నోబెల్ అందుకున్నవారిలో డి డ్యూవ్ ఉన్నారు, నోవికాఫ్ లేరు. తీసేసిన 30 ఏళ్లకు, 1983లో, వెర్మాంట్ యూనివర్సిటీయే ఆయన్ను పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. నాలుగేళ్లకు కన్నుమూశారు.