ఫకీర్ సింగ్ దొరగారు, తల్లుల మొఱ
ధ్యానభాగము: నెహెమ్యా 5:1–13



కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో బుట్టలల్లుకొని బ్రదుకు ఎరుకలవారు మన పొరుగువారు. ఊరిలో దొంగతనము జరిగినచో కొందరి చూపు ముందుగా వారి గుడిసెలమీదనే పడును. ఈ చూపు ఎక్కడిదో తెలిసికొనుటకు ఒక దైవసేవకుని జీవితమును తలంచుకొందము.

ఫ్రెడరిక్ టక్కరు 1853లో ముంగేరులో జన్మించి, సివిలు సర్వీసులో చేరి, పంజాబులో అధికారిగా నుండెను. 1881లో ఆ కొలువును విడిచి రక్షణ సైన్యములో చేరెను. మరుసటి యేట ముగ్గురు సహచరులతో బొంబాయిలో దిగి, వీధి ఊరేగింపులు చేసినందుకు చెరసాలకు పోయెను. కాషాయవస్త్రములు కట్టి, చెప్పులు లేక నడిచి, భిక్షాన్నము తిని, ఫకీర్ సింగ్ అను పేరు పెట్టుకొనెను. 1888లో జనరల్ బూత్ కుమార్తెయగు ఎమ్మాను వివాహమాడి బూత్ టక్కరు అయ్యెను. 1903లో ఆమె అమెరికాలో రైలు ప్రమాదమున మరణించెను. తల్లిలేని బిడ్డల దుఃఖము ఆయన యింటనే యుండెను.

1907లో ఆయన మరల ఇండియాకు వచ్చెను. అప్పటికే ఆంగ్ల ప్రభుత్వము 1871 నాటి చట్టముతో కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసి యుండెను. 1911 నాటి చట్టము ఆరేండ్లకు పైబడి పదునెనిమిదేండ్లకు లోబడిన పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి బడులలో నుంచుటకు అధికారమిచ్చెను. ఆ జాతులకొరకు సెటిల్‌మెంట్లు నడపుటకు బూత్ టక్కరు ముందుకు వచ్చెను. 1908లో గోరఖ్‌పూరులో పని మొదలయ్యెను. తరువాత మన ఆంధ్రదేశమున సీతానగరములోను, బాపట్లయొద్ద స్టూవర్టుపురములోను ఎరుకలవారిని నిలిపిరి. కావలిలో అమెరికను బాప్తిస్టు మిషనరీలు అట్టి పనినే చేసిరి.

అక్కడ భూమి యిచ్చిరి, పని నేర్పిరి, బడి పెట్టిరి. అది మేలే. కాని హాజరు పలుకవలెను. సెలవు చీటీ లేక పొలిమేర దాటరాదు. పెద్దల అలవాట్లకు దూరముగా పెరిగినచో పిల్లలు బాగుపడుదురని ఆ దినములలో దొరలు తలంచిరి. మన మిషనులును అట్లే తలంచెను. ప్రేమతోనే తలంచియుందురు. అయినను తల్లి ఒడినుండి తీసిన బిడ్డకు ఆ ప్రేమ తల్లి కాలేదు.

బూత్ టక్కరు 1919లో ఇండియా విడిచి, 1929లో లండనులో ప్రభువునందు నిద్రించెను. మద్రాసు రాష్ట్రమున ఆ చట్టము 1947లో రద్దాయెను. అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతనున్న సంఘము విచారించిన పిమ్మట, 1952 ఆగస్టు 31న దేశమంతట తొలగెను. చట్టమును కొట్టివేయుట ఒకటి, ఏడ్చిన తల్లులయెదుట తప్పు ఒప్పుకొనుట మరియొకటి. ఆదివాసి బిడ్డలను వేరుచేసినందుకు ఆస్ట్రేలియా, కెనడా ప్రభుత్వములు 2008లో తమ పార్లమెంటులలో క్షమాపణ వేడెను. అట్టి బడులు నడపిన కెనడా యునైటెడ్ సంఘము 1998లోనే ఆ పని చేసెను.

నెహెమ్యా కాలమున జనులు తమ కుమారులు, కుమార్తెలు దాస్యములోనికి పోవుచున్నారని మొఱపెట్టిరి. అతడు పెద్దలను గద్దించెను. తానును తన సహోదరులును అప్పులిచ్చినవారిలో నున్నామని దాచలేదు. పిమ్మట తీసికొన్నదానిని తిరిగి ఇప్పించెను. ఒప్పుకొనుటయు తిరిగి ఇచ్చుటయు కలిసిననే గాయము మానును.

మేమును ఈ మాట మాకే చెప్పుకొనుచున్నాము. ఒకప్పుడు ఒక ఎరుకల తల్లిని ఒప్పించి ఆమె చిన్నబిడ్డను హాస్టలుకు పంపితిమి. ఆమె కన్నీటిని అజ్ఞానమనుకొంటిమి. ఏండ్లు గడిచిన తరువాత ఆమె గుడిసెకు పోయి తప్పు ఒప్పుకొంటిమి. ఆమె ఏమియు అనక మాకు నీళ్లిచ్చి చాప పరచెను.

ప్రియులారా, ఈ మాసము మీ ఊరి ఎరుకల యిండ్లకు పోవుడి. బోధించుటకు కాదు, వినుటకు. వారి వృద్ధులు చెప్పునది కూర్చుండి వినుడి. బడికి వచ్చు బిడ్డతో తల్లికిని చోటు ఇయ్యుడి. రాహేలు ఏడ్పును విన్న దేవుడు మన చెవులనుకూడ తెరచును గాక. ఆమేన్.