ఏ పుస్తకం, ఎన్నో పద్యం? బ్రౌన్ దొర కథ

సి.పి. బ్రౌన్ పేరు మనందరం స్కూల్లో విన్నదే. వేమన పద్యాలు అచ్చు వేయించిన తెల్లదొర, తెలుగు నిఘంటువు రాసినాయన. పాఠం అంతటితో అయిపోయింది. ఆయన ఆ పని ఎలా చేశాడో మాత్రం నేను ఈ మధ్యే చదివాను. ప్రాజెక్టు రిపోర్టులు రాసే మనకు అదే ఎక్కువ పనికొస్తుందనిపించింది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టాడు. 1817లో కంపెనీ ఉద్యోగానికి మద్రాసు వచ్చాడు. అక్కడి కాలేజీలో తెలుగు నేర్చుకుని, 1820లో కడప కలెక్టరు దగ్గర అసిస్టెంటుగా చేరాడు. అప్పటికి మన చిత్తూరు జిల్లా లేదు. 1911లో అది ఏర్పడేదాకా మదనపల్లె కూడా కడప జిల్లాలోదే. అంటే బైరెడ్డిపల్లె నుంచి వచ్చిన నాకు ఆయన దాదాపు పక్కూరి ఆఫీసరే!

శిస్తులు, కచేరీ వ్యవహారాలు ఆయన ఉద్యోగం. 1824 ప్రాంతంలో వేమన మీద మనసు పడింది. చదువుదామంటే ఊళ్లో లైబ్రరీ ఏదీ? పుస్తకాలన్నీ చేతిరాత ప్రతులే, ఎవరి ఇంట్లో వాళ్లవి. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకో ప్రతిలో వేరేగా ఉండేది, ఒక్కోసారి అసలే ఉండేది కాదు. బ్రౌన్ ఒక ప్రతి దొరకగానే ఆగలేదు. దొరికినన్ని తెప్పించాడు. పండితులకు, లేఖకులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, ప్రతులు పక్కపక్కన పెట్టించి తేడాలు రాయించాడు. ఇందుకు అప్పులు కూడా చేశాడు. 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి. 1839 కూర్పులో అవి 1164 అయ్యాయి. ఆ మధ్యలో లండన్‌లో ఉన్నప్పుడు, కంపెనీ లైబ్రరీలో పడివున్న దక్షిణాది భాషల ప్రతులు రెండు వేలకు పైగా చూసి, వాటిని మద్రాసు చేర్చే ఏర్పాటు చేశాడు.

1852లో వచ్చిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తిరగేయండి. మాటకు అర్థం చెప్పి ఊరుకోడు. ఆ మాట ఏ కావ్యంలో, ఎన్నో ఆశ్వాసంలో, ఎన్నో పద్యంలో ఉందో చాలాచోట్ల పొడి అక్షరాలతో గుర్తు వేస్తాడు. నమ్మకం కలగకపోతే మనమే వెళ్లి చూసుకోవచ్చు. జమ, ఖర్చు, బాకీ, రసీదు లాంటి మాటలు అరబ్బీ, పారసీల నుంచి మన లెక్కల్లోకి వచ్చినవి. అలా కచేరీల్లో కలిసిపోయిన పరాయి మాటలకు ఆయన విడిగా ఇంకో నిఘంటువే చేశాడు.

కుప్పంలో బి.కామ్ చదివే మా చిన్నాయన కూతురికి ఈ గుర్తుల సంగతి చెప్పాను. తనకేం ఆశ్చర్యం కలగలేదు. జర్నల్‌లో ఎల్.ఎఫ్. అనే గడి ఉంటుందట, అందులో రాసేది లెడ్జరు పేజీ నంబరే. అది లేకపోతే పద్దు ఎక్కడికి పోయిందో ఆడిటర్ వెతుక్కోవాల్సిందే అంది. తన ప్రాజెక్టు మదనపల్లె టమోటా ధరల మీద. ఒకే నెల సగటు ధర మూడు వెబ్‌సైట్లలో మూడు రకాలుగా ఉంది, ఏ అంకె ఎక్కడిదో ఒక్కరూ చెప్పలేదు. పాప మార్కెట్ యార్డుకెళ్లి రిజిస్టరు చూసి, సంవత్సరం, పేజీ నంబరు రాసుకుంది. మిగతా మూడు అంకెల్నీ చెరిపేయకుండా, ఎక్కడ చూసిందో, ఏ తేదీన చూసిందో కింద ఇచ్చింది. బ్రౌన్ పండితులు చేసిన పనీ దాదాపు ఇదే కదా!

బ్రౌన్ 1855లో ఇంగ్లండు వెళ్లిపోయాడు. 1865 నుంచి లండన్ యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసరుగా ఉన్నాడు. 1884 డిసెంబర్ 12న చనిపోయాడు. ఆయన సేకరించిన ప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరాయి. కడపలో ఆయన బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరుతోనే లైబ్రరీ ఉంది. దాదాపు వందేళ్ల తర్వాత నెల్లూరు బంగోరె ఆ పాత కాగితాలు తిరగేసి బ్రౌన్ మీద పుస్తకాలు తెచ్చాడు. బ్రౌన్ ఎక్కడ సరిగ్గా చేశాడో, ఎక్కడ తప్పాడో ఈరోజు మనం చెప్పగలుగుతున్నామంటే, ఆయన తన ఆధారాలు దాచుకోకుండా లైబ్రరీలో పెట్టబట్టే. మన రిపోర్టుల్ని ఎవరైనా అలా చెక్ చేయగలరా? ఈ సెమిస్టర్ సబ్మిట్ చేసేముందు ఒకసారి చూసుకుందాం.