ఆలిక్ ఐజాక్స్

శత్రువు కోటను ముట్టడించినపుడు తాను నేలకొరుగుతూ కూడా తోటివారిని హెచ్చరించడం వీరధర్మం. అటువంటి ధర్మం దేహంలోని కణాలకు సైతం ఉన్నదని నిరూపించిన శాస్త్రవేత్త ఆలిక్ ఐజాక్స్.

ఐజాక్స్ 1921 జూలై 17న స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించి 1944లో పట్టభద్రులయ్యారు. చికిత్స చేయడం కంటె రోగకారణాన్ని అన్వేషించడమే ఆయనకు ప్రీతికరమైంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో మాక్‌ఫర్లేన్ బర్నెట్ వద్ద ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌పై పరిశోధన చేసి, అనంతరం లండన్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో చేరారు.

ఒక వైరస్ సోకిన కణంలో మరొక వైరస్ సాధారణంగా వృద్ధి చెందదని అప్పటికే తెలుసు. కారణం మాత్రం అంతుపట్టలేదు. స్విట్జర్లాండు దేశీయుడైన జీన్ లిండెన్‌మాన్‌తో కలిసి ఐజాక్స్ ఈ చిక్కుముడి విప్పారు. వేడిమితో నిర్వీర్యం చేసిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను పిండమున్న కోడిగుడ్డులోని పొర ముక్కలతో కలిపి ఉంచారు. పిదప ఆ ద్రవాన్ని కొత్త పొర ముక్కలకు అందించారు. వాటిలో సజీవ వైరస్ వృద్ధి కుంటుపడింది. కణాలే ఒక రక్షక పదార్థాన్ని స్రవించాయని గ్రహించి, 1957లో దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు.

ప్రతిరక్షకాలు సూక్ష్మజీవిని నేరుగా పట్టుకుంటాయి. ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ను తాకదు. పొరుగు కణం ఉపరితలంపై ఉన్న గ్రాహకానికి అంటుకొని, కేంద్రకానికి సందేశం పంపి, వందలాది జన్యువులను మేల్కొలుపుతుంది. ఆ జన్యువుల వల్ల తయారైన ప్రోటీన్లు వైరస్ వృద్ధిని అరికడతాయి. ప్రతిరక్షకాల ఉత్పత్తికి కూడా ఇంటర్‌ఫెరాన్ తోడ్పడుతుంది. ఈ వివరాల్లో చాలావరకు ఐజాక్స్ మరణానంతరం వెల్లడైనవే.

ఆ పదార్థం అత్యల్పంగా లభించేది. శుద్ధి చేయడం దుస్సాధ్యమైంది. అది భ్రమ మాత్రమేనని కొందరు పరిహసించారు. మనోవ్యాకులత ఆయనను వేధించింది. 1964లో మెదడులో రక్తస్రావం జరిగింది. అయినా పరిశోధన విడువలేదు. 1966లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1967 జనవరి 26న, 45వ ఏట ఆయన కన్నుమూశారు.

1980లో శాస్త్రజ్ఞులు ఇంటర్‌ఫెరాన్ జన్యువును బాక్టీరియాలో ప్రవేశపెట్టి ఆ ప్రోటీన్‌ను తయారుచేయగలిగారు. 1986లో అమెరికాలో ఒకరకం రక్త క్యాన్సర్‌కు అది ఔషధంగా ఆమోదం పొందింది. తరువాత హెపటైటిస్ రోగులకూ ఉపకరించింది. తమ ఇంటర్‌ఫెరాన్‌పైనే ప్రతిరక్షకాలు పుట్టిన కొందరిలో కోవిడ్ ప్రాణాంతకమైందని 2020లో తేలింది. ఒకనాడు భ్రమగా పరిహాసానికి గురైన పదార్థమే ప్రాణరక్షకమని లోకం గుర్తించింది. ఆ గుర్తింపును కళ్లారా చూసే భాగ్యం ఐజాక్స్‌కు దక్కలేదు. సత్యాన్ని నమ్మి నిలిచిన కీర్తి మాత్రం ఆయనకే దక్కింది.