డెనిస్ పాపిన్ జీవితము

మన మణుగూరు ప్రాంతమువారికి ఆవిరి క్రొత్త వస్తువు కాదు. గోదావరి చెంతనున్న భారజల కర్మాగారము 1991వ సంవత్సరమున పని ప్రారంభించెను. 2020–2022 సంవత్సరముల నడుమ భద్రాద్రి విద్యుత్కేంద్రమున నాలుగు యంత్రములు ఒకదాని వెనుక నొకటి నడకకు వచ్చెను. ఈ యంత్రములన్నిటికిని బొగ్గు మండించి పుట్టించిన ఆవిరియే ప్రాణము. ఇక మన యిండ్లలోనో, తల్లులు కుక్కరు మూతపై బరువునుంచి ఈలలు లెక్కపెట్టుచుందురు. ఆ కొండంత బాయిలరునకును, ఈ చిన్న వంటపాత్రకును కాపలాయుండు సాధనమొక్కటే. దానిని మొదట అమర్చిన పురుషుడు డెనిస్ పాపిన్. కుక్కరు లేని యిల్లు అరుదైనను, ఇతని పేరెరిగిన విద్యార్థి మరింత అరుదు. కావున ఇతని చరిత్రమును సంగ్రహముగ వ్రాయుచున్నాను.

పాపిన్ 1647వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన ఫ్రాన్సు దేశములో బ్లువా పట్టణ ప్రాంతమున, హ్యూగెనాట్లనబడు ప్రొటెస్టెంటుల కుటుంబమున జన్మించెను. ఆంజే నగరమున వైద్యము చదివి 1669లో పట్టము పొందెను. అయినను రోగుల నాడి చూచుటకంటె గాలి, నీరు, నిప్పు అనువాని నాడి చూచుటయందే ఇతనికి మక్కువ మెండు. పారిస్ నగరమున ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడగు హైగెన్సునకు సహాయకుడై, పాత్రలనుండి గాలిని తోడివేయు పంపులతో పరిశోధనలు సలిపెను. 1675లో లండను చేరి రాబర్టు బాయిలు నొద్ద అట్టి పనినే కొనసాగించెను. గాలిపంపుతో పనిచేయువానికి మొదట పట్టుబడవలసిన విద్య యేదన, అతుకు కారకుండ చూచుట. సూది మొనంత సందున్నను పంపు వ్యర్థము. పాపిన్ జీవితమంతయు ఈ సందులతోడి పోరాటమే యనవచ్చును.

1679వ సంవత్సరము మే నెలలో ఇతడు లండను రాయల్ సొసైటీ వారి యెదుట ఒక క్రొత్త పాత్రను ప్రదర్శించెను. దానికి డైజెస్టరని పేరు. తెరచిన కుండలో నీరు సుమారు 100 డిగ్రీల వేడిమియొద్ద మరగును. ఎంత మంట పెట్టినను అంతకు మించి వేడెక్కదు, ఆవిరియై పోవును. పాత్రను బిగించి ఆవిరిని బంధించినచో లోపలి పీడనము పెరుగును, నీరు మరింత వేడెక్కును. ఆ వేడికి గట్టి యెముకలు సైతము మెత్తబడును. పారవేయు ఎముకలనుండి బీదలకు పుష్టికరమగు ఆహారము లభింపజేయవచ్చునని పాపిన్ తలంచెను. 1680లో సొసైటీవారు ఇతనిని సభ్యునిగా చేర్చుకొనిరి. మరుసటి సంవత్సరమున ఇతడు తన పాత్రను గూర్చి గ్రంథమును ప్రకటించెను. 1682 ఏప్రిల్‌లో సభ్యులు కొందరు అట్టి పాత్రలో వండిన విందు నారగించిరి. ఎముకలు జున్నువలె మెత్తనై యుండుట చూచి అబ్బురపడిరి.

వంట మాట అటుంచి, అందలి చిక్కును చూతము. బంధింపబడిన ఆవిరి ఎంతవరకు పెరిగినదో బయటివానికి తెలియుటెట్లు? నేటివలె ముల్లు చూపు గేజి ఆనాడు లేదు. పాపిన్ మూతపైనున్న చిన్న గుంటలో ఒక నీటిబొట్టునుంచి, అది యెన్ని క్షణములలో ఆరిపోవునో లోలకపు ఊపులతో లెక్కించి వేడిమిని అంచనా వేసెను. మూతకును పాత్ర అంచునకును నడుమ కాగితమును పెట్టి మరలతో బిగించెను. అయినను మంట యెక్కువైనచో పాత్ర ప్రేలును గదా! అందులకు మూతలో చిన్న రంధ్రము చేసి, దానిపై చిన్న కవాటము నుంచి, ఆ కవాటమును ఒక ఇనుప కడ్డీతో అదిమెను. కడ్డీ యొక కొన కదలకుండ తగిలింపబడినది. రెండవ కొనయందు బరువు వ్రేలాడును. సంతలో గుండును అటునిటు జరిపి తూచు తూనికకోలను చూచినవారికి ఇది సులభముగ బోధపడును.

విద్యార్థులారా, ఒక లెక్క చేయుదము. రంధ్రపు వైశాల్యము పావు చదరపు అంగుళమనుకొనుడు. ఆవిరి చదరపు అంగుళమునకు 60 పౌనుల బలముతో త్రోయుచున్నచో కవాటముపై పడు త్రోపు 15 పౌనులు. కడ్డీ తగిలిన చోటునుండి కవాటము ఒక అంగుళము దూరమునను, బరువు పది అంగుళముల దూరమునను ఉన్నచో, కడ్డీ బరువును విడిచిపెట్టి చూడగా, ఒకటిన్నర పౌను గుండు ఆ త్రోపును ఆపును. త్రోపు ఏ కొంచెము మించినను కవాటము లేచును, ఆవిరి పోవును, పాత్ర దక్కును. గుండును జరిపినచో హద్దు మారును. ఈ విధముగ పీడనమును కొలుచుటయు, హద్దు మీరకుండ కాచుటయు నొక్క సాధనముననే కుదిరెను.

కాని కవాటమనగా మూతమాత్రము కాదు. అది కూర్చుండు పీఠముతో అది సరిగ కలిసియుండవలెను. మురికి చేరినను, పొక్కు పుట్టినను ఆవిరి కారును. అట్టియెడ అవివేకి చేయు మరమ్మతొకటి కలదు: బరువు పెంచుట. కారుట తగ్గును, నిజమే. కాని హద్దు కూడ పెరిగిపోవును. నేనెరిగిన యొక యింట కుక్కరు ఈల నిలువక కారుచున్నదని దానిపై నిండు చెంబునుంచిరి. మూతలోని రక్షణబిళ్ల ఊడి పప్పంతయు ఇంటికప్పును అంటుకొనెను! ఆ బిళ్ల లేకున్నచో పప్పుతో పోయెడిది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆవిరియంత్రముల కాపరులు కొందరు ఇట్లే బరువులు పెంచియు, కడ్డీలు కట్టివేసియు ప్రాణములు పోగొట్టుకొనిరి. ఇట్టి చేష్టలకు లొంగని స్ప్రింగు కవాటమును జాన్ రామ్స్‌బాటమ్ 1855లో కల్పించెను. మన దేశమున 1923లో బాయిలర్ల చట్టము వచ్చి, తనిఖీ లేనిదే బాయిలరు నడుపరాదని శాసించెను.

తెలిసిన పనివాడు చేయునది వేరు. కవాటమును విప్పి, పీఠమును మూతను కురువిందపు పొడి కలిపిన ముద్దతో మెల్లగా అరగదీయును. పిదప నీలిరంగు పూసి అద్ది చూచును. గుర్తు తెగని సన్నని వలయముగ పడినచో ఉభయములు కలిసినట్లు. ఎచ్చటనైన తెగినచో మరల అరగదీయవలసినదే. ఎక్కువ అరగదీసి వలయమును వెడల్పు చేయుటయు తప్పే. ఏలయన, అదే బలము ఎక్కువ చోటుపై పరచుకొని బిగువు తగ్గును. పరీక్షకు కవాటపు పెట్టెను నీటితో నింపి, లోని గాలినంతయు వెడలించి, పంపుతో పీడనము నెక్కింతురు; పెట్టె గట్టితనమును చూచుటకు సాధారణముగ పనిలోని హద్దునకు ఒకటిన్నర రెట్లు ఎక్కింతురు. గాలితో ఏల చేయరాదని కొందరు అడుగుదురు. నీరు నొక్కినను దాదాపు కుదించుకొనదు, కావున పెట్టె పగిలినను నీరు చిమ్మి ఊరకుండును. నొక్కబడిన గాలి వంచిన విల్లువంటిది. పగిలినచో ముక్కలను బాణములవలె విసరును.

మన భారజల కర్మాగారమున ఈ శ్రద్ధ మరింత అవసరము. అచ్చట నీటితో కలియు వాయువు హైడ్రోజన్ సల్ఫైడు. కొంచెమైనచో కుళ్లిన గ్రుడ్డు వాసన వేయును. మిక్కుటమైనచో ముక్కు వాసననే గ్రహింపజాలదు, ప్రాణము పోవును. అట్టి చోట కవాటము కారుట యనునది నీటి కుళాయి కారుటవంటిది కాదు.

తిరిగి పాపిన్ కథకు వత్తము. ఇతడు కొంతకాలము వెనిసులోనుండి, 1684లో మరల లండను వచ్చి సొసైటీలో కొద్దిపాటి జీతమునకు కుదిరెను. 1685లో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ ప్రొటెస్టెంటులకున్న రక్షణశాసనమును రద్దుచేయుటచే, ఇతనికి స్వదేశమున నిలువ నీడ లేకపోయెను. జర్మనీలో హెస్సె ప్రభువగు కార్లు ఆదరింపగా మార్బుర్గు నగరమున గణితాచార్యుడయ్యెను. అచ్చట 1690లో ఇతడు ప్రకటించిన వ్యాసము సామాన్యమైనది కాదు. గొట్టములో కొద్ది నీరు మరిగించిన ఆవిరి ముషలకమును పైకెత్తును. చల్లార్చగా ఆవిరి నీరై, బయటి గాలి దానిని క్రిందికి త్రోయును. తరువాత 1712లో ఇంగ్లండున న్యూకమెను గనుల నీరు తోడుటకు నిలిపిన యంత్రము ఈ సూత్రముతోనే పనిచేసెను. పాపిన్ గొట్టము రెండున్నర అంగుళముల వ్యాసముగల ఆటవస్తువంతటిది. పెద్ద గొట్టమును నునుపుగ చేయగల కమ్మరులు ఇతనికి దొరకరైరి. 1706లో కాస్సెలు నగరమున నీటిని పైకెత్తు ప్రయోగము చేయగా గొట్టపు అతుకులు కారెను. ఆ పాత శత్రువే! 1707లో వర్ణించిన యంత్రమునకు తన రక్షక కవాటమును మరువక అమర్చెను.

ఆ సంవత్సరము సెప్టెంబరులో, చక్రములుగల తన పడవపై కుటుంబముతో కాస్సెలునుండి ఫుల్డా నదిమీద బయలుదేరి ఇంగ్లండు చేరనెంచెను. మ్యూండెన్ రేవుకడ, ఆ జలమార్గముపై హక్కుగల పడవవారు దానిని పట్టి ధ్వంసము చేసిరి. అది ఆవిరి పడవయని పలువురు కథలు వ్రాసిరి గాని, దాని చక్రములను మనుష్యులే త్రిప్పిరని నేడు పండితులు నిర్ణయించిరి.

లండనులో పాత మిత్రులు లేరు. బాయిలు మరణించి పదునారేండ్లయ్యెను. సొసైటీకి న్యూటను అధ్యక్షుడు. పాపిన్ ఆవిరియంత్రమునకు ధనసహాయము కోరెను, దొరకలేదు. పత్రము వెంట పత్రము సమర్పించెను, ప్రతిఫలము మిక్కిలి స్వల్పము. 1712 తరువాత ఇతని జాడ తెలియక, ఎచ్చట ఎన్నడు మరణించెనో చిరకాలము ఎవ్వరును చెప్పలేకపోయిరి. పిమ్మట లండను ఫ్లీటు వీధిలోని సెయింటు బ్రైడ్సు దేవాలయపు పాత ఖననపట్టికలో, 1713 ఆగస్టు 26వ తేదీకెదురుగ ఇతని పేరు కనబడెను.