గౌతమీపుత్ర శాతకర్ణి

విజయవాడనుండి బందరునకు పోవు బాటపై కంకిపాడు కలదు. దానికి ఎగువను కృష్ణాతీరమున ధాన్యకటకము, అనగా నేటి అమరావతీ ప్రాంతము; దిగువను సముద్రము దాపున ఘంటసాల. ఈ రెండును పూర్వము గొప్ప వర్తకస్థానములు. కృష్ణా గోదావరీ మండలముల నేలలో శాతవాహనరాజుల సీసపు నాణెములు దొరకినవి. సీసమును ఇంత విరివిగా నాణెములకు వాడిన రాజవంశము మన దేశమున అరుదు. ఆ వంశమున మిక్కిలి కీర్తి గడించినవాడు గౌతమీపుత్ర శాతకర్ణి.

ఇతడు సుమారు 1900 సంవత్సరముల క్రిందట దక్కను దేశము నేలెను. ఇతని తల్లి గౌతమీ బలశ్రీ. తల్లి పేరుతోనే ఇతడు లోకమున ప్రసిద్ధుడయ్యెను. ఇతడు రాజ్యమునకు వచ్చునాటికి శాతవాహనుల ప్రాభవము సన్నగిల్లియుండెను. పడమటి సీమలు, నాసికా పట్టణము, దాని దరినున్న కొండకనుమలు క్షహరాతవంశీయుడగు నహపానుని వశమై యుండెను.

నహపానుడు ధనవంతుడగు ప్రభువు. అతని అల్లుడు ఉషవదాతుడు నాసికలో వ్రాయించిన శాసనములు నాటి ధనవ్యవహారమును తెలుపుచున్నవి. అతడు ఒక దానమున 70,000 కార్షాపణములు ఇచ్చెను. 35 కార్షాపణములు ఒక సువర్ణమునకు సమానము గనుక ఆ మొత్తము 2,000 సువర్ణములు. మరియు అతడు 3,000 కార్షాపణములను నేతగాండ్ర శ్రేణులకడ నిలువయుంచి, వానిపై వచ్చు వడ్డీని భిక్షువుల ఖర్చులకు ఏర్పరచెను. నాణెము నాడు బేరసారములకే కాక నమ్మకమునకు కూడ ఆధారమై యుండెనని దీనివలన తెలియుచున్నది.

శాతకర్ణి సేనలను నడపి క్షహరాతులను జయించెను. తన పాలనము 18వ ఏట నాసిక భిక్షువులకు ఒక పొలమును దానము చేసెను. అది అంతకుముందు ఉషవదాతుని అనుభవములో నుండినది. కావున అప్పటికి ఆ సీమ శాతకర్ణి వశమయ్యెననుట స్పష్టము.

భూమి చేతికి వచ్చెను. కాని ప్రజల మూటలలోని వెండి నాణెములపై శత్రురాజు ముఖమే యుండెను. ఒకవైపు నహపానుని తల, దాని చుట్టును గ్రీకు అక్షరములు. రెండవవైపు బాణము, వజ్రాయుధము, బ్రాహ్మీ ఖరోష్ఠీ లిపులలో అతని పేరు. జయించిన రాజు ఇట్టి నాణెములు చెల్లవని చాటింపు వేయింపవచ్చును. అట్లు చేసినచో కూలివాని కూడబెట్టిన సొమ్ము, శ్రేణుల నిలువ, వర్తకుని మూలధనము ఒక్క దినమున వట్టి లోహమై పోవును. అన్నిటిని కరగించి క్రొత్తవి చేయవచ్చును. అందులకు కాలము, కట్టెలు, కూలి కావలయును. వెండియు కొంత తరుగు పోవును.

శాతకర్ణి టంకశాలలో మూడవ మార్గము నవలంబించిరి. పాత నాణెమును పట్టకారుతో పట్టి, చెక్కిన రెండు ముద్రల నడుమ నుంచి సమ్మెటతో కొట్టిరి. ఒకవైపు మూడు కమానుల చైత్యముతోపాటు ప్రాకృతమున శాతకర్ణి పేరు, రెండవవైపు ఉజ్జయినీ చిహ్నము పడెను. వెండి అదే; ముద్ర మాత్రమే మారెను. ధనము ధనముగనే చేతులు మారుచుండెను.

ఈ సంగతి చిరకాలము మరుగుపడి యుండెను. 1906లో నాసిక మండలమందలి జోగల్తెంబి గ్రామమున ఒక నిక్షేపము బయటపడెను. అందు 13,000కు పైగా వెండి నాణెములు ఉండెను. అన్నియు నహపానునివే, కాని 9,000కు పైగా నాణెములపై శాతకర్ణి ముద్ర పడియుండెను. పెక్కింటిలో క్రొత్త ముద్ర క్రింద నహపానుని ముక్కు, చెక్కిలి, గ్రీకు అక్షరముల కొసలు నేటికిని కనబడుచున్నవి. రాజుల జయాపజయములను అరచేతిలో ఇముడు వెండిబిళ్ల ఇట్లు తెలుపగలిగెను.

ఈ రాజు స్వభావమును తెలుపు సంగతి మరియొకటి కలదు. అతని 24వ ఏట, తాను లోగడ భిక్షువులకిచ్చిన పొలము సాగులేక పడియున్నదని తెలియవచ్చెను. తల్లియు తానును గూడి, దానికి మారుగా పట్టణపు పొలిమేరనున్న రాచభూమిలో 100 నివర్తనములు ఇప్పించిరి. ఫలమీయని దానము దానము కాదని అతడు గ్రహించెను.

అతని అనంతరము కుమారుడు పులుమావి రాజయ్యెను. పులుమావి 19వ ఏట వృద్ధురాలగు బలశ్రీ నాసిక గుహలో ఒక శాసనము చెక్కించెను. తన కొడుకు ధర్మము తప్పక పన్నులు గైకొనెననియు, ప్రజల సుఖదుఃఖములు తనవిగా నెంచెననియు, అపరాధియగు శత్రువు ప్రాణమునైనను తీయ నిచ్చగింపలేదనియు ఆమె చెప్పుకొనెను. అది తల్లి చేసిన ప్రశంస. అయినను ఆ కాలమువారు మంచిరాజునుండి ఏమి కోరిరో అందు తెలియుచున్నది.

పులుమావి కాలపు శాసనము మన అమరావతిలో కలదు. అతడు తన రూపుతో వెండి నాణెములు వేయించి, వానిపై ఒకవైపు ప్రాకృతమున, రెండవవైపు దక్షిణదేశ భాషలో తన పేరు చెక్కించెను. తండ్రి శత్రువు ముద్రపై తన ముద్ర వేసెను. కొడుకు ప్రజల భాషకు నాణెముపై చోటిచ్చెను.

ముద్ర వేయుటకు సమ్మెట చాలును. ఆ ముద్రను జనులు నమ్మి చేత గ్రహించుటకు మాత్రము లోహమునందు శుద్ధియు, ఏలికయందు ధర్మమును ఉండవలయును. గౌతమీపుత్ర శాతకర్ణి చరిత్రము మనకు నేర్పు పాఠమిదియే.