బరువు తగ్గింది.. గురి కుదిరింది! 5 అడుగుల ఆనీ ఓక్లీ తుపాకీ మార్చిన కథ

ఎత్తు 5 అడుగులు. చేతిలో 7 పౌన్లు దాటిన తుపాకీ.. అంటే మూడు కేజీల పైమాటే. అమెరికాలో గాజు బంతుల్ని గాల్లోనే పేల్చేసి వేలమందితో చప్పట్లు కొట్టించుకున్న ఆనీ ఓక్లీ, 1887లో లండన్‌లో పావురాల ముందు తడబడ్డారు. గురి తప్పే మనిషి కాదు. మరి తేడా ఎక్కడొచ్చింది? ఆ ప్రశ్నకు జవాబు ఆమె చేతుల్లోనే ఉంది.. ఆ తుపాకీ బరువులో.

ఆనీ 1860 ఆగస్టు 13న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డార్క్ కౌంటీలో పుట్టారు. అసలు పేరు ఫీబీ ఆన్ మోసీ. ఆరేళ్లు నిండకముందే తండ్రి పోయారు. ఇల్లు గడవక తల్లి ఆ పిల్లను కొన్నాళ్లు పేదల ఆశ్రమానికి పంపారు. అక్కడి నుంచి ఓ ఇంట్లో పనికి కుదిరితే.. ఆ యజమానులు పెట్టిన బాధలు అన్నీఇన్నీ కావు. ఆ ఇంటివాళ్లను ఆమె జీవితాంతం తోడేళ్లనే పిలిచారు, అసలు పేరు మాత్రం ఎప్పుడూ బయటపెట్టలేదు. తిరిగి ఇంటికొచ్చాక నాన్న పాత తుపాకీ అందుకున్నారు. అడవిలో కొట్టిన పిట్టల్ని దుకాణాలకు అమ్మారు. ఆ డబ్బుతోనే తల్లి పొలం మీదున్న అప్పు తీర్చేశారు. అంటే ఈవిడకు తుపాకీ సరదా కాదు.. బువ్వ పెట్టిన పనిముట్టు.

తర్వాత సిన్సినాటిలో ఫ్రాంక్ బట్లర్ అనే పేరున్న షూటర్‌తో పందెం. చివరి పక్షి దగ్గర ఫ్రాంక్ గురి తప్పింది, ఆనీ గెలిచారు. ఓడిపోయిన ఆయనే ఆమెను పెళ్లాడారు. అంతటితో ఆగలేదు.. ఆమె తనకంటే మేటి అని ఒప్పుకుని, స్టేజీ ఆమెకు వదిలేసి మేనేజర్‌గా వెనక నిలబడ్డారు. ఆ రోజుల్లో ఎంతమంది మగవాళ్లు ఇలా చేసి ఉంటారు?

ఇక్కడే ఓ చిత్రం. నేటి క్లే పీజియన్ షూటింగ్‌కు ప్రాణమైన మట్టి పళ్లెం కూడా సిన్సినాటిలోనే పుట్టింది. 1880లో జార్జ్ లిగోవ్‌స్కీ దానికి పేటెంట్ తీసుకున్నారు. అంతకుముందు ప్రాణమున్న పావురాల్ని ఎగరేసి కాల్చేవారు, లేదంటే గాజు బంతులు విసిరేవారు. గాజు బంతి పైకెళ్లి కిందపడుతుంది. మట్టి పళ్లెం అలా కాదు.. పిట్టలాగా అడ్డంగా దూసుకుపోతుంది. దాన్ని కొట్టాలంటే తుపాకీ గొట్టం దాని వెంట తిరగాలి, దాన్ని దాటి ముందుకెళ్లాలి, అక్కడ ట్రిగ్గర్ నొక్కాలి. ఇదంతా సెకను, రెండు సెకన్లలో అయిపోవాలి.

1885లో ఆనీ బఫెలో బిల్ వైల్డ్ వెస్ట్ షోలో చేరారు. అదే ఏడాది సిన్సినాటిలో ఒక్కరోజులో 5 వేల గాజు బంతుల్ని కాల్చి 4,772 పగలగొట్టారు. తుపాకీలను తనే లోడ్ చేసుకున్నారు కూడా. రెండేళ్లకు, విక్టోరియా రాణి స్వర్ణోత్సవాల వేళ, షో లండన్ చేరింది.

అక్కడి బ్లూ రాక్ పావురాలు చిన్నవి, వేగం ఎక్కువ. ఎప్పుడు ఎటు మళ్లుతాయో తెలియదు. ఆనీ తుపాకీ తిప్పేలోపే జారిపోయాయి. లండన్ తుపాకుల తయారీదారు చార్లెస్ లాంకాస్టర్ ఆమె కాలుస్తుంటే గమనించి లోపం పట్టేశారు. నిజానికి ఆయన పేరు హెన్రీ థోర్న్. కొన్న కంపెనీ పేరునే తన పేరుగా వాడుకునేవారు. ఆయన తేల్చిందేంటంటే.. లోపం గురిలో కాదు, తుపాకీలో ఉంది. అది ఆమెకు బరువెక్కువ, ఒంటికి సరిపోయేదీ కాదు.

ఆమె కొలతలకు తగ్గట్టు 20 బోర్ తుపాకుల జత తయారైంది. బోర్ అంటే? ఒక పౌను సీసంతో గొట్టంలో సరిగ్గా పట్టే గుండ్లు ఎన్ని వస్తాయో ఆ లెక్క. 12 వస్తే 12 బోర్, 20 వస్తే 20 బోర్. అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది, బరువూ తగ్గుతుంది. ఆనీ కొత్త తుపాకులు 6 పౌన్లలోపే ఉన్నాయి.

అయితే తేలికైతే చాలు, గెలిచేస్తామనుకుంటే పొరపాటే. తేలిక తుపాకీ త్వరగా తిరుగుతుంది నిజమే.. అంతే త్వరగా ఆగిపోతుంది కూడా. లక్ష్యాన్ని దాటకముందే చెయ్యి ఆగిందంటే గుండు వెనకబడ్డట్టే. బరువైన తుపాకీ ఒకసారి కదిలితే దానంతటది సాగుతుంది. భుజానికి తగిలే దెబ్బ సంగతి సరేసరి! అదే తూటా తేలిక తుపాకీలో పేలిస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. అందుకే తుపాకీ బరువు తగ్గితే తూటాలో రవ్వలూ, మందూ తగ్గించాలి. రవ్వలు తగ్గాయంటే గురి మరింత సూటిగా ఉండాలి. ఇన్ని చిక్కులున్నా ఆనీకి కలిసొచ్చిందంటే, ఆ తుపాకీ తేలికే కాదు.. ఆమె భుజానికీ, చెంపకీ, కంటికీ అతికినట్టు కుదిరింది. మడమ పొడవు ఎక్కువైతే తుపాకీ ఎత్తేటప్పుడు చంకలో ఇరుక్కుంటుంది. మరీ కిందికి వంగి ఉంటే చెంపకు ఆనదు, కన్ను గొట్టానికి సూటిగా రాదు. ఇప్పటికీ షూటింగ్ రేంజ్‌లో చాలామంది త్రాసు ముల్లే చూస్తారు.. చూడాల్సింది ఇది.

ఆ ఏడాదే లండన్ గన్ క్లబ్ ఆమెకు బంగారు పతకం ఇచ్చింది. రష్యా గ్రాండ్ డ్యూక్ మైకేల్‌తో పోటీలో ఆయన 50కి 36 కొడితే, ఆనీ 47 కొట్టారు.

1901లో రైలు ప్రమాదం. షో వదిలేశారు. 1903లో మరో దెబ్బ.. కొకైన్ కోసం దొంగతనం చేసి దొరికిపోయిందంటూ పత్రికలు రాసేశాయి. దొరికింది ఆమె పేరు వాడుకున్న వేరే మహిళ. ఆనీ ఊరుకోలేదు. 55 పత్రికల మీద కేసులు వేసి, ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి 54 గెలిచారు. ఖర్చులు పోను మిగిలిందేమీ లేదు. ఆమెకు కావాల్సింది డబ్బు కాదు మరి.

తర్వాత నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్‌లో ఆడవాళ్లకు తుపాకీ పట్టడం నేర్పారు. అక్కడే 62 ఏళ్ల వయసులో 16 గజాల దూరం నుంచి వరుసగా 100 మట్టి పళ్లేలు పగలగొట్టారు. 1922 చివర్లో కారు ప్రమాదంలో తుంటి విరిగింది, కాలికి ఇనుప కట్టు పడింది. ఆ కట్టుతోనే మళ్లీ తుపాకీ ఎత్తారు.

1926 నవంబర్ 3న గ్రీన్‌విల్‌లో ఆనీ కన్నుమూశారు. ఫ్రాంక్ బట్లర్ ఆ తర్వాత 18 రోజులే బతికారు. ఒహాయోలోని బ్రాక్ శ్మశానంలో ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి.